కలుపు మందు చంపేది మొలకను. విత్తనం భూమిలోనే ఉంది

తొలకరి పడి దుక్కులు మొదలయ్యే రోజుల్లో ప్రతి ఊళ్లోనూ ఒక మాట తిరుగుతుంది. "ఈ ఏడు విత్తిన రెండో రోజే మందు కొట్టిస్తున్నాం. కలుపు విత్తనం భూమిలోనే మాడిపోతుంది. ఇక కూలీల కోసం తిరగాల్సిన పని లేదు." ఈ మాట దుకాణదారుడు రైతుకు చెబుతాడు, రైతు మేస్త్రికి చెబుతాడు, మేస్త్రి ముఠాలోని ఆడవాళ్లకు చెబుతాడు. చివరికి అది కూలి బేరం దగ్గరకొచ్చి తేలుతుంది. "మీరు రాకపోయినా మాకు గడుస్తుంది. ఇచ్చింది పుచ్చుకుంటే రండి, లేకపోతే మానండి" అంటారు.

ఈ మాటలో నిజమెంత? విత్తిన వెంటనే నేల మీద కొట్టే మందు భూమిలో ఉన్న కలుపు విత్తనాన్ని నిజంగా చంపుతుందా? ఇది ప్రయోగశాలలో కూర్చున్నవాళ్లకు వదిలేసే ప్రశ్న కాదు. వ్యవసాయ కార్మిక స్త్రీలకు ఏడాదిలో ఎక్కువ రోజులు పని చూపించే పనుల్లో కలుపు తీత ఒకటి. ఆ పని విలువ ఎంతో తేల్చే ప్రశ్న ఇది. కాబట్టి దీని జవాబు మనకు తెలిసి ఉండాలి. బేరం దగ్గర నోరు పెగలాలంటే తెలిసి ఉండాలి.

జవాబు ముందే చెప్పుకుందాం. మందు చంపేది మొలకను. నిద్రపోతున్న విత్తనాన్ని అది చంపదు. ఎందుకు చంపదో, దానివల్ల ఎవరికేమవుతుందో ఇప్పుడు చూద్దాం.

భూమి ఒక పాతర

మన పెద్దలు ధాన్యాన్ని పాతరలో పోసి దాచేవాళ్లు. కావలసినప్పుడు కొంత తీసి, మిగతాది కప్పెట్టేవాళ్లు. సాగు భూమి కూడా కలుపు విత్తనాలకు అలాంటి పాతరే. ఒక్క చదరపు మీటరు మట్టిలో వేల విత్తనాలు ఉంటాయి. ఈ ఏడు రాలినవి, నిరుడు రాలినవి, అంతకు ముందువి, అన్నీ కలగలిసి ఉంటాయి. ఈ సీజన్లో మొలిచి మన కంటికి కనబడేది అందులో కొద్ది భాగమే.

ఆ పాతరలోకి సరుకు ఎక్కడినుంచి వస్తుందో చూడండి. గట్టు మీద పెరిగిన ఒక్క వయ్యారిభామ మొక్క పది పదిహేను వేల విత్తనాలు రాలుస్తుంది. బాగా ఎదిగిన ఒక్క అడవి తోటకూర మొక్క లక్షకు పైగా రాల్చగలదు. వరిమడిలో కోతదాకా నిలిచిన ఊద దుబ్బు వేలల్లో రాలుస్తుంది. అదీ వరి కోతకు ముందే రాలుస్తుంది. ఇవిగాక కాలవ నీళ్లతో కొన్ని వస్తాయి. సగం మాగిన పెంటతో కొన్ని వస్తాయి. ఒక ఊళ్లో కోసి శుభ్రం చెయ్యకుండా ఇంకో ఊరి చేలోకి దిగే కోత మిషను కడుపులో కొన్ని వస్తాయి.

మరి ఇన్ని విత్తనాలూ ఒక్కసారే ఎందుకు మొలవవు? వడ్లు నానబోస్తే రెండు రోజుల్లో మొలకెత్తుతాయి గదా! వడ్లు మనిషి వేల ఏళ్లుగా ఏరి ఏరి మచ్చిక చేసుకున్న గింజ. ఒక్కసారి మొలవకపోతే పంటకు పనికిరాదు కాబట్టి ఒక్కసారి మొలిచేవాటినే ఏరుకుంటూ వచ్చాడు. కలుపును ఎవరూ మచ్చిక చెయ్యలేదు. అన్నీ ఒకేసారి మొలిచిన జాతి ఒక్క కరువుకు, ఒక్క దుక్కికి తుడిచిపెట్టుకుపోతుంది. విడతలు విడతలుగా మొలిచిన జాతి బతికి బట్టకడుతుంది. అందుకే కలుపు విత్తనానికి నిద్ర ఉంది. కొన్నింటికి పైతొక్క గట్టిది, నీరు లోపలికి పోదు. కొన్నింటికి వెలుతురు తగలాలి. నాగలి కింది మట్టిని పైకి తిప్పినప్పుడు ఒక్క క్షణం ఎండ తగిలితే చాలు, నిద్ర లేస్తాయి. దున్నిన వారానికే చేను పచ్చబడడం మనందరం చూసినదే. దానికి కారణం ఇదే. సన్న గింజల గడ్డిజాతులు పై అంగుళం లోతునుంచే ఎక్కువగా మొలుస్తాయి. అంతకంటే కిందికి పోయినవి మళ్లీ పైకి వచ్చేదాకా పడుకునే ఉంటాయి.

ఎంతకాలం పడుకుంటాయి? దీనికి ఒక పాత ప్రయోగం ఉంది. అమెరికాలోని మిచిగన్ వ్యవసాయ కళాశాలలో విలియం జేమ్స్ బీల్ అనే వృక్షశాస్త్రవేత్త 1879లో ఇరవై సీసాల్లో ఇసుకతో కలిపి విత్తనాలు పోశాడు. ఒక్కో రకానివి 50 గింజలు, ఇరవైకి పైగా రకాలు. ఎక్కువభాగం కలుపు మొక్కలే. వాటిని నేలలో పాతిపెట్టాడు. కొన్నేళ్లకొక సీసా తీసి మొలిపించి చూడాలని ఏర్పాటు. ఆయన తర్వాత మరొకరు, వాళ్ల తర్వాత ఇంకొకరు, తరం తరువాత తరం ఆ పని సాగిస్తూ వచ్చారు. 2021లో తీసిన సీసాలో, అంటే పాతిన 142 ఏళ్లకు కూడా, ఒక జాతి కలుపు గింజలు మొలిచాయి!

అన్ని విత్తనాలూ ఇంత మొండివి కావు. మన వేడికి, తేమకు చాలా జాతులు కొద్ది ఏళ్లలోనే చచ్చిపోతాయి. చీమలు మోసుకుపోతాయి, పిట్టలు ఏరుకు తింటాయి, బూజు పట్టి కుళ్లుతాయి. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో దీనితో పని ఉంది. పాతరలోకి కొత్త సరుకు పోకుండా ఆపితే పాత సరుకు దానంతటదే తరుగుతుంది.

మట్టి మందు ఎలా పనిచేస్తుంది

కలుపు మందుల్లో రెండు తరహాలు. కలుపు మొలిచాక ఆకు మీద కొట్టేది ఒకటి. కలుపు మొలవకముందే నేల మీద కొట్టేది లేదా చల్లేది రెండోది. ఇక్కడ మనం మాట్లాడుకునేది ఈ రెండో తరహా గురించి. పత్తి, వేరుశనగ, కంది, మిరప చేలలో వాడే పెండిమిథాలిన్, నాటిన వరిమడిలో ఇసుకలో కలిపి చల్లే బ్యూటాక్లోర్, ప్రెటిలాక్లోర్, మొక్కజొన్నలో కొట్టే అట్రాజిన్, ఇవన్నీ ఆ కోవలోవే.

పసుపు రంగుతో ఉండే పెండిమిథాలిన్‌నే తీసుకుందాం. 30 శాతం మందు ఎకరానికి లీటరు నుంచి లీటరున్నర లోపు, 200 లీటర్ల నీళ్లలో కలిపి, విత్తిన ఒకటి రెండు రోజుల్లో తడి నేల మీద కొట్టమంటారు. లెక్క వెయ్యండి. లీటరూ మూడు వందల మిల్లీలీటర్లు కొడితే అందులో అసలు విషం నాలుగు వందల గ్రాముల లోపే. ఎకరం నేలలో ఆరంగుళాల లోతు మట్టి బరువు ఎనిమిది వందల టన్నుల పైమాటే. అన్ని వందల టన్నుల మట్టిలో అంతటా ఉన్న విత్తనాలను ఈ నాలుగు వందల గ్రాములు వెతికి వెతికి చంపుతాయా? చంపవు. ఆ మందు నీళ్లలో దాదాపు కరగదు. బంకమట్టి రేణువులను, మాగిన ఎరువును అంటిపెట్టుకుని పైపొరలోనే నిలిచిపోతుంది. నేలమీద సన్నని విషపు దుప్పటి కప్పినట్లన్నమాట.

ఆ దుప్పటి కింద ఏం జరుగుతుంది? తడి తగిలి నిద్ర లేచిన గింజ వేరు దింపుతుంది, మొలక ఎత్తుతుంది. వేరు కొసన, మొలక కొసన కణాలు ఒకటి రెండుగా, రెండు నాలుగుగా చీలుతూ పెరుగుతాయి. పెండిమిథాలిన్ ఆ చీలికను ఆపేస్తుంది. వేరు సాగదు, కొస ఉబ్బి మొద్దుబారుతుంది. గింజలోని తిండి అయిపోగానే మొలక మట్టిలోనే చస్తుంది. బ్యూటాక్లోర్, ప్రెటిలాక్లోర్ దారి వేరు. కొత్త కణాల పొరకు కావలసిన కొవ్వు పదార్థం తయారు కాకుండా అడ్డుపడతాయి. మొలక మెలితిరిగి ఆగిపోతుంది. అట్రాజిన్ అయితే మొలకను పైకి రానిస్తుంది. ఆకు ఎండలో వండుకునే తిండిని అడ్డుకుని, పసుపెక్కించి చంపుతుంది.

ఈ మూడు దారుల్లోనూ ఒక సంగతి సమానం. పెరుగుతున్న దానినే మందు పట్టుకుంటుంది. నిద్రపోతున్న విత్తనంలో కణం చీలదు, వేరు సాగదు, ఆకు లేదు. మందు అడ్డుకోవడానికి అక్కడ పనే నడవడం లేదు. పైగా గట్టి తొక్క ఒకటి. ఇల్లు మూసి పడుకున్నవాడికి వీధిలో దొమ్మీ తగలనట్లే, ఆ విత్తనానికి మందు తగలదు.

మందు దుప్పటి కూడా ఎల్లకాలం ఉండదు. మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని కొంచెం కొంచెంగా విరగ్గొడతాయి, ఎండ కొంత హరిస్తుంది. అట్రాజిన్ ఏటేటా కొట్టిన నేలలో దాన్నే తిండిగా తినే సూక్ష్మజీవులు పెరిగి, మందు ముందుకంటే త్వరగా మాయమవుతుందని కూడా తేలింది. నెల, నెలన్నర గడిచేసరికి మొలకను ఆపేటంత బలం పైపొరలో మిగలదు. అప్పుడు లేచిన విత్తనం హాయిగా మొలుస్తుంది. మధ్యలో గుంటక తోలితే దుప్పటి చిరిగి, కింది గింజలు పైకి వస్తాయి.

నేల ఎండిపోయి ఉంటే మందు పైనే పడి ఉంటుంది, మొలకను అందుకోదు. గట్టి వాన కురిస్తే కిందికి దిగి పంట మొలకనే దెబ్బతీస్తుంది. వాన మీద ఆధారపడ్డ అనంతపురం వేరుశనగ రైతుకు ఈ రెండు కష్టాలూ తప్పవు. మందు డబ్బులు మాత్రం రెండు విధాలా దుకాణానికి ముట్టినవే.

మందు కొట్టిన చేలో కలుపు మారుతుంది

మందు వల్ల పాతర అసలు తరగదా అంటే, కొంత తరుగుతుంది. ఆ నెల రోజుల్లో మొలిచి చచ్చినవి మళ్లీ విత్తనం రాల్చవు. అంతమేరకు నిజమే. పంట తొలి నెలలో కలుపు పోటీ లేకుండా ఉండడం పంటకు మంచిదే, దాన్ని కాదనడం లేదు. అయితే మందు తప్పించుకున్న కలుపు సంగతి చూడాలి.

తుంగ విత్తనం మీద ఆధారపడదు, భూమిలో గడ్డలు పెడుతుంది. ఆ గడ్డలను ఈ మందు ఏమీ చెయ్యలేదు. గరిక కాడతోనే పాకుతుంది, దానికీ లెక్కలేదు. పెద్ద గింజల జాతులు మందు పొర కిందనుంచి బలంగా తోసుకొస్తాయి. వెన్నదేవికూర, వయ్యారిభామ లాంటివి పెండిమిథాలిన్‌కు సరిగ్గా లొంగవు. సన్నగడ్డి పోయిన చోటు వాటికి ఖాళీగా దొరుకుతుంది. నాలుగైదేళ్లు ఒకే మందు కొట్టిన చేనును చూడండి. కలుపు పోయి ఉండదు, కలుపు మారి ఉంటుంది. లొంగేది పోయి మొండిది మిగులుతుంది.

ఇంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి. లక్ష మొలకల్లో ఏ ఒక్కటో పుట్టుకతోనే మందును తట్టుకునే గుణంతో ఉండవచ్చు. అందరూ చచ్చాక అదొక్కటే బతికి విత్తనం రాలుస్తుంది. పాతరలోకి ఇక ఆ రకమే చేరుతుంది. చైనా వరిచేలలో బ్యూటాక్లోర్‌కు లొంగని ఊద 1990లలోనే బయటపడింది. మన దేశంలో హర్యానా, పంజాబ్ గోధుమ చేలను చూడండి. గోధుమ మొక్కలాగే కనబడే ఒక గడ్డి మీద అక్కడ ఏళ్ల తరబడి ఐసోప్రోట్యురాన్ అనే ఒకే మందు వాడారు. అది ఎక్కువగా మొలిచాక కొట్టే మందు, అయినా పాఠం ఒకటే. 1990ల మొదట్లో ఆ గడ్డి మందుకు లొంగడం మానేసింది. కొందరు రైతులు పండాల్సిన గోధుమను గడ్డితో సహా పచ్చిమేతగా కోసి పశువులకు వేసుకున్నారు. తర్వాత కొత్త మందులొచ్చాయి, కొన్నేళ్లకు వాటికీ ఆ గడ్డి ఎదురు తిరిగింది. కంపెనీకి ప్రతిసారీ కొత్త సీసా అమ్ముడవుతుంది. రైతుకు ప్రతిసారీ కొత్త అప్పు పుడుతుంది.

వరిలో వెదజల్లు సాగు పెరుగుతున్నకొద్దీ ఈ ప్రమాదం మనకూ దగ్గరవుతోంది. తెలంగాణలో ప్రభుత్వం 2021లో వెదజల్లును గట్టిగా ప్రచారం చేసింది. నాట్ల ఖర్చు తగ్గుతుందన్నారు. నాట్లు పోతే పోయేది ముందు ఆడకూలీల పనే. దమ్ము చేసి నీళ్లు నిలిపిన మడిలో చాలా కలుపు విత్తనాలు గాలి అందక మొలవవు. నిలువ నీరే అక్కడ మొదటి కలుపు మందు, దానికి ధర లేదు. వెదజల్లులో మొదట్లో ఆ నీరు నిలపడం కుదరదు కాబట్టి వరితోపాటే కలుపూ లేస్తుంది. నీటి చోట సీసా వచ్చి కూర్చుంటుంది.

కూలి ఎక్కడికి పోయింది

ఇప్పుడు మన బతుకు సంగతికి వద్దాం. మునుపు రెండు మూడు తడవలు కలుపు తీసిన చోట ఇప్పుడు ఒక తడవ, ఒకటిన్నర తడవ. పోయిన రోజులు ముఖ్యంగా ఎవరివి? భూమిలేని దళిత, వెనుకబడిన కులాల స్త్రీలవి. మగవాళ్లు వలస పోగలరు, మందు కొట్టే పనికైనా పోగలరు. చంటిపిల్లలున్న తల్లికి, వయసు మీరిన ముసలమ్మకు ఊళ్లో దొరికే పని కలుపే. మునుం పట్టి కూర్చుంటే పూట గడిచేది.

కూలి ఒక్కటే కాదు. కలుపు తీసి ఇంటికొచ్చే ఆడమనిషి కొంగులో గంగవాయిలి, తోటకూర, పొన్నగంటి, చెంచలి ఉండేవి. ఆ రాత్రికి కూర అదే. నెత్తి మీద పచ్చగడ్డి మోపు ఉండేది. ఇంట్లో గేదెకు మేత అదే. మట్టి మందు కొట్టిన చేలో ఆకుకూర మొలవదు, మొలిచినా తినడానికి భయం. గడ్డి మోపు లేక కూలి ఇంటి గేదె సంతకు పోతుంది. తెలంగాణలో బతుకమ్మకు పేర్చే గునుగు పువ్వు కూడా చేలలో మొలిచే కలుపే. ఈ నష్టాలేవీ మందు ఖర్చు లెక్క వేసే కాగితంలో ఉండవు.

అట్లాగని చిన్నరైతును, కౌలురైతును తిట్టి ప్రయోజనం లేదు. కౌలు ముందే కట్టి, ఎరువుకు అప్పు తెచ్చి, పంటకు ధర లేక నలిగిపోయేవాడికి నాలుగు డబ్బులు ఎక్కడ మిగులుతాయా అనే ఆరాటం ఉంటుంది. అతని ఖర్చులో ఎరువు ధర తగ్గదు, కౌలు తగ్గదు, వడ్డీ తగ్గదు. తగ్గించగలిగినట్లు కనబడేది కూలి ఒక్కటే. అందుకని కత్తి మన మెడ మీదికి వస్తుంది. కాని చివరికి అతనికీ మిగిలేది లేదు. మందు కొంటాడు, నెలన్నరకు కలుపు మళ్లీ లేస్తే కూలీలనూ పిలుస్తాడు. రెండు ఖర్చులూ అతనివే. ఎక్కువ ఎకరాలున్న కామందుకు ఇందులో ఇంకో సౌకర్యం ఉంది. పని రోజులు తగ్గితే కూలీలు చెప్పుచేతల్లో ఉంటారు. మందు కలుపును ఎంత అణుస్తుందో గాని, కూలి రేటును అణచడానికి బాగా పనికివస్తోంది.

మందు పట్టే చేతులు

మందు చల్లేది ఎవరు? అది కూడా కూలీలే. బ్యూటాక్లోర్ ఇరవై పాతిక కిలోల ఇసుకలో కలిపి మడిలో చల్లుతారు. ఆ కలపడం చాలాచోట్ల ఉత్త చేతుల్తోనే. చల్లేవాళ్లు మోకాటిలోతు బురదలో ఉత్త కాళ్లతో నడుస్తారు. స్ప్రేయరు వీపున మోసేవాడికి డబ్బా కారి నడుం తడిసిపోతుంది.

సీసా మీద రంగు గుర్తు ఉంటుంది. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. ఎరుపు అన్నిటికంటే ఘోరమైన విషం, ఆకుపచ్చ తక్కువది. అయితే ఆ గుర్తు ఎక్కువగా చెప్పేది వెంటనే చంపే గుణం గురించి. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ఒంట్లోకి పోతే ఏమవుతుందో ఆ రంగు చెప్పదు. పెండిమిథాలిన్‌ను అమెరికా పర్యావరణ సంస్థ మనిషికి క్యాన్సరు కలిగించే అవకాశం ఉన్నవాటి జాబితాలో పెట్టింది. అట్రాజిన్ భూగర్భ జలాల్లో చేరుతున్నదని యూరప్ దేశాల సమాఖ్య 2004లో దాని అనుమతి తీసేసింది. పెండిమిథాలిన్, బ్యూటాక్లోర్ చేపలకు విషం. మడి నీరు మురుగుకాలవలోకి, అక్కడినుంచి చెరువులోకి పోతుంది. ఈ రెండింటికీ ప్రత్యేకమైన విరుగుడు మందు కూడా లేదు. ఒంటికి పట్టినప్పుడు బయటపడ్డ లక్షణాలకు వైద్యం చెయ్యడమే.

మన కేంద్ర ప్రభుత్వం 2020 మేలో 27 పురుగు, తెగులు, కలుపు మందులను నిషేధిస్తామని ముసాయిదా ప్రకటించింది. అందులో బ్యూటాక్లోర్, పెండిమిథాలిన్, అట్రాజిన్ మూడూ ఉన్నాయి. మనుషులకు, జీవాలకు ప్రమాదమని ఆ ముసాయిదాలోనే రాశారు. 2023లో తుది ఉత్తర్వు వచ్చేసరికి నిషేధం పడినవి కొద్ది మాత్రమే. ఈ మూడూ వాటిలో లేవు. ఆ మధ్యకాలంలో ఎవరి మాట చెల్లిందో ఊహించుకోవడం కష్టం కాదు.

1968 పురుగుమందుల చట్టం కింద 1971లో చేసిన నిబంధనల్లో మందుతో పనిచేసేవాళ్లకు రక్షణ దుస్తులు, ముక్కుకు గాలి వడపోసే సాధనం ఉండాలని రాశారు. సీసాతో ఇచ్చే కాగితంలో విష లక్షణాలు, ప్రథమ చికిత్స ప్రాంతీయ భాషలో ఉండాలని రాశారు. ఆ కాగితం సీసాతోపాటు రైతు ఇంటికి పోతుంది గాని, మందు కలిపే కూలికి ఎవరూ చదివి వినిపించరు.

పాతర తరిగే దారి

మరి కలుపు పోవడానికి దారే లేదా? ఉంది. పాతరలోకి సరుకు చేరకుండా చూడడమే ఆ దారి. మనం ముందు చెప్పుకున్నాం, మన నేలల్లో చాలా విత్తనాలు కొద్ది ఏళ్లలో వాటంతటవే చస్తాయని. కొత్తవి రాలకుండా నాలుగైదేళ్లు కాపాడితే ఆ చేనులో కలుపు బాగా పలచబడుతుంది.

విత్తే ముందు నేల తడిసినప్పుడు కలుపును మొలవనిచ్చి, పైపైన గొర్రు తోలి, తర్వాత విత్తడం ఒక పద్ధతి. విత్తనాన్ని నిద్ర లేపి చంపే పద్ధతి అది. సీసా చెయ్యలేని పనిని ఒక వాన, ఒక గొర్రు చేస్తాయి. అపరాలు, జొన్న, పత్తి పంట మార్చి వేస్తే ఒకే కలుపుకు ఏటా అనుకూలం కాకుండా పోతుంది. వరిమడి చదునుగా ఉంచి నీరు సమానంగా నిలపడం, పెంటను బాగా మాగనిచ్చి తోలడం, కోత మిషను దిగేముందు శుభ్రం చేయించడం, గట్ల మీద వయ్యారిభామను పూతకు ముందే పీకించడం, ఇవన్నీ పాతర తలుపు మూసే పనులే.

వీటన్నిటిలోకీ ముఖ్యమైనది చివరి కలుపు. పంట ఎదిగాక, "ఇక కలుపు వల్ల పంటకు నష్టం లేదులే" అని రైతు వదిలేసే కలుపు అది. మందు తప్పించుకున్న మొండి కలుపు, ఆలస్యంగా లేచిన కలుపు, అప్పుడు కంకి వేసి గింజ పట్టేది అదే. ఒక్క దుబ్బు వదిలేస్తే వేల గింజలు. దాన్ని గింజ రాలకముందే పట్టి పీకగలిగేది మనిషి చెయ్యి. ఊదకూ వరికీ తేడా ఆకు మొదట్లోనే గుర్తుపట్టే కన్ను మన ఆడవాళ్లది. ఊద ఆకు మొదట్లో నాలుకలాంటి సన్నని పొర ఉండదు, వరికి ఉంటుంది. ఏ బడిలోనూ చెప్పని ఈ పాఠం మన ఊరి ముసలమ్మకు వేలికొసన ఉంది. ఈ మట్టి మందులు నిద్రపోతున్న విత్తనాన్ని ముట్టుకోలేవని శాస్త్రం చెబుతోంది. విత్తనం రాలకుండా ఆపే చెయ్యి మాత్రం మన వాడల్లోనే ఉంది. దాన్ని పనికిమాలిన ఖర్చుగా చూపిస్తున్నారు.

మనం అడగవలసింది

ఒకటి: మందు కొట్టిన చేలలో కూడా గింజ రాలకముందు చివరి కలుపు తీయించాలి. అది పంటకు, వచ్చే ఏటి భూమికి కలిసి చేసే పని కాబట్టి దానికి పూర్తి రోజుకూలి, కనీస వేతనానికి తగ్గకుండా, ఆడ మగ తేడా లేకుండా ఇవ్వాలి.

రెండు: మందు కలిపే, చల్లే పనికి చేతి తొడుగులు, బూట్లు, ముక్కుకు రక్షణ యజమానే ఇవ్వాలి. గర్భిణులను, పాలిచ్చే తల్లులను, పిల్లలను ఈ పనికి పిలవకూడదు. సీసా కాగితం పని మొదలు పెట్టేముందు చదివి వినిపించాలి.

మూడు: చిన్నరైతుకు, కౌలురైతుకు కలుపు తీత కూలిలో ప్రభుత్వం భాగం పంచుకోవాలి. కంపెనీ సరుకుకు రాయితీ ఇవ్వగలిగినవాళ్లు మనిషి శ్రమకు ఎందుకు ఇవ్వలేరు? గట్లు, కాలవ గట్లు, బంజర్లలో పూతకు ముందే కలుపు పీకే పనిని గ్రామీణ ఉపాధి పనుల్లో చేర్చాలి.

నాలుగు: వ్యవసాయ శాఖ దుకాణదారుడి చేతికి సలహా వదిలెయ్యకుండా, ఏ చేలో ఏ కలుపు ఉందో చూసి, మందు అవసరం ఉందో లేదో ఊళ్లోకొచ్చి చెప్పాలి. 2020లో ప్రమాదమని తామే రాసిన మందుల సంగతి ఏం చేశారో ప్రజలకు జవాబు చెప్పాలి.

ఈ కోర్కెలు రైతుకు వ్యతిరేకం కావు. కౌలురైతు, కూలీ ఇద్దరూ నష్టపోయే చోట ఇద్దరూ కలిసి కూర్చుని మాట్లాడుకోవచ్చు. వాడల్లో, రచ్చబండ దగ్గర, కలుపు చాళ్ల మధ్య ఈ సంగతి చర్చకు పెట్టండి. ఈసారి ఎవరైనా "విత్తనమే మాడిపోయింది, మీతో పనేముంది" అంటే, ఒక పని చెయ్యండి. మందు కొట్టిన చేలోనుంచే దోసెడు మట్టి తెచ్చి, బాగా కలియదిప్పి, చిప్పలో పరిచి, తడిపి వెలుతురులో పెట్టండి. పక్కన ఇంకో చిప్పలో మందు కొట్టని గట్టు మట్టి పెట్టండి. మొదటి దాంట్లో మొలకలు ఆలస్యం కావచ్చు, తక్కువ కావచ్చు. వారం వారం తిరగేసి తడుపుతూ ఉండండి. మందు బలం తగ్గిన కొద్దీ పాతరలో దాగినవి ఒక్కొక్కటే లేస్తాయి. ఆ చిప్ప పట్టుకుని బేరానికి పోండి.